నేను పట్టిన కుందేలు మగదే

ఈ వృత్తాంతాన్ని నేనే స్వహస్తాలతో రాయవలసిన అవసరం ఎందుకు కలిగిందో ముందుగా మనవి చేస్తాను. ఇది ఇప్పటికే సూర్యాపేట బస్టాండు టీ కొట్లలో ఒక విధంగా, కోదాడ క్షౌరశాలలో మరొక విధంగా, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఇంకొక విధంగా ప్రచారంలో ఉన్నది. టీ కొట్టు కథనంలో నన్ను కుందేలు కరిచింది. క్షౌరశాల కథనంలో నేను కుర్చీలో కూర్చుని కంటతడి పెట్టాను. మిల్లు కథనంలోనైతే పుట్టిన పిల్లల సంఖ్య ఏటేటా పెరుగుతున్నది. అసలు కుందేళ్ళకు కూడా అంత వేగం లేదు. ఇవన్నీ అసత్యాలే. సత్యం వీటికంటె ఘోరమైనది కనుక దాన్ని మొదలు, నడుమ, తుది అనే క్రమం తప్పకుండా పాఠకుల ముందుంచడం నా విధి.

నేను జంతుశాస్త్ర అధ్యాపకుణ్ణి. సూర్యాపేటలోని ఒక జూనియర్ కళాశాలలో బొద్దింకను, వానపామును, కప్పను ఎన్నో తరాల విద్యార్థులకు బోధించాను. చాలాకాలం వసతిగృహం వార్డెన్ బాధ్యత కూడా మోశాను. నా హయాంలో దీపాలు ఆరవలసిన వేళకే ఆరేవి. దుప్పట్లు నాలుగు మడతలుగానే ఉండేవి. వీటన్నిటి వెనుక ఉన్న అధికారం నాది కాదు, నా మీసానిది. వరండా చివర ఆ మీసం కనిపిస్తే చాలు, విద్యార్థులు చొక్కా గుండీలు పెట్టుకునేవారు. కొందరు అధ్యాపకులు కూడా పెట్టుకునేవారు.

పదవీ విరమణ చేసిన తరువాతి వేసవిలో జరిగిన సంగతి ఇది. అప్పటికి నాకు అరవై నిండలేదు. అనగా పడుచుతనపు తొందరపాటు ఇంకా నన్ను విడిచిపెట్టలేదని గ్రహించగలరు.

ఒకనాడు సైదులు మా ఇంటికి వచ్చాడు. ఇతడు నా పూర్వ విద్యార్థి. మునగాల దాటిన తరువాత హైవే మీద ధాబా నడుపుతున్నాడు.

"సార్, మా ధాబా ఎనుక జూ పెట్టిన," అన్నాడు.

"జూ పెట్టడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. నీవు పెట్టినది ఏమిటి?"

"కుందేళ్ళు, బాతులు, సీమకోళ్ళు, ఒక ఈము పక్షి. అన్నీ పెంపుడుయే సార్. భోజనం చేసినంక కస్టమర్లు పిల్లగాళ్ళను తీస్కపోయి సూపిస్తరు. వాళ్ళే జూ అంటున్నరు, నేనేం జేద్దు?"

"అది జంతు ప్రదర్శనశాల కాదు. పెరడు."

"సరే సార్, పెరడే. ఎండాకాలం సెలవుల్ల సుట్టుపక్కల పిల్లలు ఊకె తిరుగుతున్నరు. మీరొచ్చి పొద్దున పూట జర సైన్సు చెప్తె పెరడు కాస్త జూ అయితది."

ఈ చివరి వాక్యంతో నేను పడిపోయాను. సుద్దముక్క చేతిలో లేక నెలలు గడుస్తున్న మనిషిని పడగొట్టడానికి పెద్ద గాలి అవసరం లేదు.

అట్లా వేసవి జంతుశాస్త్ర శిబిరం ప్రారంభమైంది. తెల్లవారగానే సూర్యాపేటలో బస్సు ఎక్కి, ఎండ ముదిరే లోపల పాఠం ముగించేవాణ్ణి. ధాబా వెనుక రేకుల పందిరి, దాని అంచులకు వేలాడదీసిన తడి గోనెసంచులు, వాటి గుండా వచ్చే చల్లగాలి, ఆ గాలితో పాటే వంటింటి నుంచి వచ్చే పప్పు తాలింపు వాసన. నేను జీర్ణవ్యవస్థ గురించి చెబుతుంటే పిల్లలందరి జీర్ణవ్యవస్థలూ ఏకకాలంలో మేల్కొనేవి. లారీ హారన్ మోగినప్పుడల్లా వాక్యం మధ్యలో ఆగి, అది పోయిన తరువాత అక్కడి నుంచే అందుకునేవాణ్ణి. ఈము పక్షి విషయం కూడా చెప్పాలి. చుట్టుపక్కల ఈము ఫారాలు మూతపడిన కాలంలో అది అనాథగా మిగిలి సైదులు పంచన చేరింది. ప్రార్థన గంట కొట్టగానే వచ్చి పిల్లల వరుస చివర నిటారుగా నిలబడేది. హాజరులో అంతటి నియమం నా ఉద్యోగ జీవితంలో ఏ మానవుడిలోనూ చూడలేదు.

అంతటి శిబిరంలో క్రమం లేనివి ఒక్క కుందేళ్ళే.

"సార్, వీటితోని పరేషాన్ అయితున్న. పొద్దున ఒక లెక్కుంటది, మాపటికి ఇంకో లెక్కుంటది," అని సైదులు వాపోయాడు.

"దానికి కారణం వసతిగృహ వ్యవస్థ లేకపోవడం," అన్నాను.

మరునాడే గూడుకు నడుమ గోడ కట్టించాను. ఒక వైపు 'బాయ్స్ హాస్టల్', మరొక వైపు 'గర్ల్స్ హాస్టల్' అని బోర్డులు వేలాడదీశాను. మన ప్రాంతంలో ఇంటర్మీడియట్ చదివించే ప్రతి సంస్థా చేసేది ఇదే కదా! పిల్లల ఎదుట ఒక్కొక్క కుందేలునూ ఎత్తి, వెల్లకిలా తిప్పి, శాస్త్రోక్తంగా పరీక్షించి, తగిన హాస్టల్‌లో చేర్చుకుంటూ వచ్చాను. ఒక్క పొరపాటు జరగలేదు, చివరిదాని దాకా.

ఆ చివరిది భారీ విగ్రహం. బూడిద వన్నె. గొంతు కింద దళసరి మడత ఒకటి కండువా వేసుకున్నట్టుగా రొమ్ము మీద పరుచుకుని ఉన్నది. పంచాయతీలో తీర్పు చెప్పడానికి కూర్చున్నట్టు కూర్చున్నది. తిప్పి చూద్దామని చేయి పెట్టగానే వెనుక కాళ్ళతో నా ముంజేతి మీద రెండు గీతలు గీసింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. నేను చేయి వెనక్కు తీసుకుని, ధోవతి సవరించుకుని, గంభీరంగా ప్రకటించాను: "ఈ గొంతు మడతను గమనించండి. సింహానికి జూలు వలె ఇది పురుష లక్షణం. దీన్ని తిప్పి చూడవలసిన అవసరమే లేదు."

పాఠకులారా, కుందేళ్ళలో ఆ మడత ఆడవాటికి బాగా పెరుగుతుంది. ఈ సంగతి పాఠ్యపుస్తకంలో ఉండవలసింది. బహుశా ఉన్నది కూడా. నేను పాఠం చెప్పినంత కాలం బోర్డు మీద కుందేలు పుర్రెను గీశాను గాని, పుర్రెకు గొంతు ఉండదు.

పిల్లలు దానికి 'సర్పంచ్' అని పేరు పెట్టారు.

"సార్, ఎందుకైనా మంచిది, ఒక్కసారి తిప్పి చూద్దామా?" అని అడిగింది మౌనిక. ఈ అమ్మాయిది మిర్యాలగూడ. పదవ తరగతి పరీక్షలు రాసి, మునగాలలో అమ్మమ్మగారింటికి సెలవులకు వచ్చింది.

"ఫలితం ప్రకటించిన తరువాత మార్పు ఉండదు," అన్నాను.

"రీవాల్యుయేషన్ ఉంటది కద సార్?"

"బోర్డులో ఉంటుంది. నా దగ్గర ఉండదు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న మొండివాణ్ణి చూసి లోకం నవ్వుతుంది. వాడు కనీసం కుందేలును పట్టాడు. నేను పట్టలేదు కూడా.

కొద్దిరోజులకు ఒక మోటారు సైకిలు ధాబా ముందు ఆగింది. దిగిన మనిషి చొక్కా మీద ఊకధూళి ఉన్నది. నేరుగా పందిరిలోకి వచ్చాడు.

"సార్, నేను మౌనికోల్ల నాయినను. యాదగిరి. మిర్యాలగూడల రైస్ మిల్లుల పనిజేస్త."

"కూర్చోండి."

"కూసునేటందుకు రాలే సార్. తోటి పిల్లలంత ఎంపీసీ కోచింగుల కూసున్నరు. మా బిడ్డ గీడ కుందేళ్ళకు గడ్డేస్తున్నది. ఎవలకు జెప్పుకోవాలె?"

మౌనిక గడ్డిమోపు కింద పెట్టింది. "నాయినా, నేను బైపీసీ తీసుకుంట అని చెప్పిన గద. పశువుల డాక్టర్ అయిత."

"డాక్టర్! ఇంట్ల బర్రెను సూస్తె ఆమడ దూరం ఉరుకుతవు. నువ్వు పశువుల డాక్టర్ అయితవా?"

"అది చిన్నప్పుడు."

"మొన్న దసరాకు ఉరికినవు."

పిల్లలు నవ్వారు. మౌనిక నవ్వలేదు. తల వంచుకుని గడ్డిపోచను తుంచుతూ నిలబడింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి నా లోపలి వార్డెన్ లేచి నిలబడ్డాడు.

"యాదగిరి గారూ, ఇది ఆటస్థలం కాదు. శాస్త్ర శిక్షణాలయం. ఇక్కడ కుందేళ్ళకు సైతం వేరువేరు హాస్టళ్ళు ఉన్నవి. రండి, చూడండి."

అతడు బోర్డులు చదివాడు. నడుమ గోడను అరచేత్తో కొట్టి చూశాడు. ముఖంలో మొదటిసారి కొంత గౌరవం కనిపించింది. "గిది మంచిగున్నది. మా కోచింగోల్లు గూడ గిట్లనే పెట్టిర్రు," అన్నాడు. కాస్సేపు ఆలోచించి తీర్మానం చెప్పాడు. "సరే. ఆఖరు రోజు వస్త. సూస్త. ఇది సదువే అనిపిస్తె బైపీసీల ఏస్త. ఆటలని తేలితె ఇటు నుంచి ఇటే ఎంపీసీల. ఇగ ఎవ్వలు మాట్లాడొద్దు."

ఎవ్వరూ మాట్లాడవద్దని ఆయన స్పష్టంగా చెప్పాడు. అయినా నేను మాట్లాడాను.

"మా హాస్టళ్ళలో క్రమం తప్పిన సంఘటన ఒక్కటి జరిగినా, అందరి ఎదుటా చెబుతున్నాను, ఈ మీసం తీయించుకుంటాను!"

నన్ను ఎవరూ అడగలేదు. ఇది గమనించవలసిందిగా ప్రార్థన.

అటు తరువాత బాయ్స్ హాస్టల్‌లో కనిపించిన లక్షణాలను మీ ముందుంచుతాను. మీలో ఎవరికైనా వెంటనే విషయం బోధపడితే, మీరు ఎన్నడూ వార్డెన్‌గా పనిచేయలేదని అర్థం.

మొదట సర్పంచ్ చుట్టూ మిగతా కుందేళ్ళు కొట్టుకోవడం ప్రారంభించాయి. నేను దాన్ని ర్యాగింగుగా గుర్తించి, గూడు ముందు నిలబడి మందలించాను. తరువాత సర్పంచ్ ఒళ్ళు చేశాడు. "మెస్ భోజనం పడింది," అని సైదులును అభినందించాను. చివరి వారంలో సర్పంచ్ గడ్డిపోచలను నోట అడ్డంగా కరచుకుని గూడంతా తిరగసాగాడు. ఆ గడ్డి ముక్కు కింద రెండు వైపులా మెలితిరిగి అచ్చం నా మీసం వలె ఉన్నది. నాకు వల్లమాలిన అభిమానం కలిగింది. "చూశారా!" అన్నాను పిల్లలతో. "ఇంతకంటె పురుష లక్షణం ఏం కావాలి?"

ముగింపు సభకు ముందటి రోజు సర్పంచ్ తన రొమ్ము మీది బొచ్చును తానే పీక్కోవడం మొదలుపెట్టాడు.

"సార్, జుట్టు పీక్కుంటున్నడు!" అని పిల్లలు పరుగెత్తుకొచ్చారు.

"పరీక్షల ముందు సహజం," అన్నాను. ఎంసెట్ వారంలో ఇటువంటివాటిని ఎన్నో చూశాను. గూడు ముందు చతికిలబడి, ఆందోళన వద్దనీ, ఫలితం భగవంతుడికి వదిలివేయాలనీ సర్పంచ్‌కు నచ్చజెప్పాను. అది నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరపు రాదు.

"సార్," అన్నది మౌనిక మెల్లగా, "ఒక్కసారి..."

"మౌనికా, రేపు మీ నాయన వస్తున్నారు. పాఠం చూసుకో."

సభ రోజు వచ్చింది. తల్లిదండ్రులు ధాబా మంచాల మీద బారులుగా కూర్చున్నారు. ముందు వరుసలో యాదగిరి చేతులు కట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తున్నాడు. సైదులు మైకు తెప్పించాడు. నేను క్రమశిక్షణ అనే అంశం మీద సుదీర్ఘంగా ప్రసంగించి, "ఇప్పుడు మా హాస్టళ్ళ విద్యార్థులు వరుసగా బయటికి వస్తారు," అని ప్రకటించి ఈల వేశాను. ఈలకు కుందేళ్ళు కదలవు. మౌనిక కొత్తిమీర కట్ట చూపించగానే ఒక్కొక్కటే వచ్చాయి. చప్పట్లు మోగాయి. యాదగిరి చేతులు విప్పాడు. మౌనిక ముఖం విప్పారింది.

సర్పంచ్ మాత్రం రాలేదు.

"ఆలస్యం చేయడం ఇదే ప్రథమం. క్షమించాలి," అని మైకులో చెప్పి, సర్పంచ్ పడుకునే చెక్కపెట్టె మూత ఎత్తాను. లోపల సర్పంచ్ ఒక మూల కూర్చుని ఉన్నాడు. నడుమ గడ్డి పరిచి కట్టిన గూటిలో బొచ్చు కుప్ప. నా మోచేతి కింద నుంచి తల దూర్చిన ఒక పసివాడు మైకు బద్దలయ్యేట్టు అరిచాడు:

"సార్! సర్పంచ్‌కు పిల్లలు పుట్టిర్రు!"

"అసంభవం," అన్నాను. అది కూడా మైకులోనే వినిపించింది.

సైదులు తొంగి చూశాడు. "సార్, అసంభవం కదులుతున్నది."

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. ఆలు లేదని బోర్డు పెట్టిన నా హాస్టల్‌లో చూలుంది, కాన్పయింది, తల్లి పేరు సర్పంచ్. ఆడా మగా కలవకూడదని గోడ కట్టించినవాణ్ణి నేనే. ఆ ఒక్క ఆడదాన్నీ మగవాటి నడుమ చేర్పించినవాణ్ణీ నేనే.

ముందు వరుస నుంచి యాదగిరి గొంతు వినిపించింది. "సార్, మీ బాయ్స్ హాస్టల్ల మహిళా రిజర్వేషన్ ఎప్పుడొచ్చింది?"

పందిరి అదిరిపోయేట్టు నవ్వారు. అంతటితో ఆగలేదు. పిల్లలూ పెద్దలూ అందరూ చూడాలని పెట్టె మీదికి విరుచుకుపడ్డారు. ఎవరో సెల్‌ఫోన్ లోపల పెట్టారు. తల్లి కుందేలు బెదిరి వెనుక కాళ్ళతో పెట్టె అడుగును దబదబా కొట్టసాగింది. పిల్లలు దాని కాళ్ళ కిందనే ఉన్నాయి. నేను ఈల వేశాను. దానివల్ల అది ఇంకా బెదిరింది.

"ఆగుర్రి!"

ఆ గొంతు మౌనికది. "ఎవ్వలు ముట్టొద్దు! దూరం జరుగుర్రి. సైదులన్నా, ఆ మైకు బంద్ చెయ్యి. మగయాటిని ముందుగాల అవతలికి తీయ్." అందరూ జరిగారు. ఈము పక్షి కూడా ఒక అడుగు వెనక్కు వేసింది. "నాయినా, ఆ తడి గోనెపట్ట గిట్ల అడ్డం పట్టు. మెల్లగ. సప్పుడు చెయ్యకు." యాదగిరి మారుమాట లేకుండా గోనెపట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఆ అమ్మాయి పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మంచినీళ్ళ గిన్నె లోపలికి జరిపి, మూత సగం వేసి, చూస్తూ ఉండిపోయింది. కొంతసేపటికి కాళ్ళ చప్పుడు ఆగింది.

నేను ఇంకా మధ్యలోనే నిలబడి ఉన్నాను. మౌనిక తల ఎత్తి, ఎంతో వినయంగా, "సార్, మీరు గూడ జర ఎనుకకు," అన్నది.

జరిగాను.

సభ చెదిరిన తరువాత యాదగిరి చాలాసేపు కూతురి వైపే చూస్తూ నిలబడ్డాడు. "గిది నా బిడ్డేనా?" అన్నాడు తనలో తాను. "బర్రెను సూస్తె ఉరికేది. ఇయ్యాల నన్నే నిలబెట్టి పని జెప్పింది." నా దగ్గరికి వచ్చాడు. "సార్, ఇది సదువో ఆటనో నాకు సమజ్ కాలే. కానీ దాని సదువు ఇదే అని సమజ్ అయింది. బైపీసీల ఏస్త."

నేను జరిగిన పొరపాటుకు వివరణ ఇవ్వబోయాను. "ఇడువుర్రి సార్," అని అతడు బండి ఎక్కాడు. మౌనిక వెనుక కూర్చుని నాకు నమస్కరించింది. బండి కదిలింది. నా గుండె కుదుటపడింది. అంతలో బండి ఆగింది.

"సార్, ఒక్క ముచ్చట మర్శిపోయిన."

"చెప్పండి."

"మీసం."

"పోనీ తీయ్ నాయినా!" అన్నది మౌనిక.

"పోనిచ్చుడెట్లనే? క్రమం తప్పొద్దని సారే అన్నరు."

సూర్యాపేటలో ప్రతి క్షౌరశాలలోనూ నా విద్యార్థి ఒకడుంటాడు. కనుక బస్సెక్కి ఎదురు దిక్కున కోదాడకు పోయి, ముక్కూ మొహం తెలియని ఒక దుకాణంలో కూర్చున్నాను.

"ట్రిమ్ చేయమంటారా సార్?" అన్నాడు క్షురకుడు.

"నిర్మూలించండి."

అతడు కత్తెర ఆపి, అద్దంలో నన్ను పరకాయించి చూశాడు. "మీరు జువాలజీ సార్ కదండీ? నేను మీ స్టూడెంట్‌నే. మా అత్తగారిది ఈ ఊరు. బొద్దింక బొమ్మకి మీసాలు పెట్టడం మర్చిపోయానని క్లాసు బయట నిలబెట్టారు, గుర్తుందా సార్?"

"గుర్తున్నది. కానివ్వు," అన్నాను. కంటతడి పెట్టలేదు. కంట్లో నురగ పడింది.

ఇంటికి పోయి తలుపు తట్టాను. మా శ్రీమతి తీసి, "ఎవలు గావాలె?" అన్నది. మరుక్షణం గుర్తుపట్టి, గడప మీదే నిలబడి, పెళ్ళిచూపుల నాడు కూడా చూడనంత సేపు నన్ను చూసింది. తిడుతుందని సిద్ధపడ్డాను.

"ఇన్నేండ్లు గీ ముఖం ఎందుకు దాచిపెట్టిర్రు?" అన్నది.

అప్పటి నుంచి మీసం మళ్ళీ పెంచలేదు. పెంచనివ్వలేదు.

ఆ పందిరి ఇప్పుడు లేదు. సైదులు ధాబా స్థానంలో అద్దాల హోటలు లేచింది. పప్పు తాలింపు వాసన బయటికి రాదు. ఈము పక్షి నిండు వయసులో, వరుస తప్పకుండానే వెళ్ళిపోయింది. అటువైపు బస్సులో పోయినప్పుడు కిటికీలోంచి ఆ చోటు కోసం వెదుకుతాను. వెదకడం పూర్తయ్యేలోగా బస్సు కోదాడ చేరుతుంది. మౌనిక మాత్రం అనంతగిరి వైపు పశువుల డాక్టరుగా పనిచేస్తున్నది. మొన్న యాదగిరి కనబడి, "సార్, లెక్క తారుమారైంది. ఇప్పుడు బర్రె దీన్ని సూసి ఉరుకుతున్నది," అన్నాడు.

కావున, సకల జీవకోటి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: రోమం గల ఏ ప్రాణిని గూర్చియు తిప్పి చూడకుండా తీర్పు చెప్పను. గడ్డిని చూసి మీసమని భ్రమపడను. అడగనిదే పందెం కాయను.

పై రచనలో శాస్త్రపరంగా గాని, భాషాపరంగా గాని దోషాలు కనిపిస్తే పాఠకులు నిర్మొహమాటంగా సరిదిద్దవలసిందిగా కోరుతున్నాను. ఇప్పుడు నా దగ్గర రీవాల్యుయేషన్ ఉన్నది. తప్పని తేలితే తప్పక ఒప్పుకుంటాను. ఇంతకు మించి మాత్రం ఏమీ ఆశించకండి. ఒడ్డడానికి ముఖం మీద ఇంకేమీ మిగల్లేదు.